బంతిలో వలపక్షం: హైటెక్ సిటీలో ఒక సాకర్ పాఠం



2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ అమెరికా, కెనడా, మెక్సికోలకు దక్కింది. 48 జట్లు, 104 మ్యాచ్‌లు, ఫైనల్ న్యూజెర్సీలో. దీని పుణ్యమా అని హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలకు కొత్త పని ఒకటి వచ్చిపడింది. అమెరికా నుంచి వచ్చిన కొలీగ్స్‌కు, రాత్రి కాల్‌లో అవతల కూర్చున్న టీముకు సాకర్ అంటే ఏమిటో చెప్పాలి. వాళ్ళ దేశంలో ఫుట్‌బాల్ అంటే వేరే ఆట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఉరికే ఆట. కాలితో ఆడే ఈ ఆట వాళ్ళలో చాలామందికి కొత్త. కొత్త కాబట్టి అడుగుతారు. అడిగేవాళ్ళను తక్కువ చేయొద్దు.

అయితే మనవాళ్ళు ఏం చెబుతున్నారో చూడండి. మెస్సీ, రొనాల్డో, ప్రీమియర్ లీగ్, మాంచెస్టర్, బార్సిలోనా. హైదరాబాద్ అనే మాట ఒక్కరి నోటా రాదు. ఈ దేశానికి ఫుట్‌బాల్‌లో ఉన్న కాస్త గౌరవాన్నీ సంపాదించి పెట్టిన ఊళ్ళలో ముందు వరసలో ఉన్న ఊరు ఇదే. అందులో కూర్చుని ఫుట్‌బాల్ ఎక్కడో విదేశాల్లో పుట్టి టీవీలో పెరిగినట్టు చెప్పుకుంటున్నాం. అందుకే ఈ భాగం. మీ అమెరికా మిత్రులకు ఇంగ్లీషులో మీరే చెప్పుకోండి. మీకు మాత్రం తెలుగులో నేను చెబుతా.

ముందు ఆట సంగతి. జట్టుకు పదకొండు మంది. తొంభై నిమిషాలు, మధ్యలో విరామం. గోల్‌కీపర్ తప్ప ఎవరూ ఆటలో బంతిని చేత్తో ముట్టరాదు, అది కూడా అతని గడి లోపలే. మొత్తం రూల్స్ పదిహేడు. కొత్తవాళ్ళు తికమకపడేది ఒక్క ఆఫ్‌సైడ్ దగ్గరే. మీవాడు మీకు బంతి అందించే క్షణానికి మీరు అవతలి సగంలో బంతి కంటే ముందు ఉంటే, మీకూ వాళ్ళ గోల్ గీతకూ మధ్య అవతలి జట్టువాళ్ళు కనీసం ఇద్దరు ఉండాలి. గోల్‌కీపర్ కూడా ఆ ఇద్దరిలో లెక్కే. మన భాషలో చెప్పాలంటే, వడ్డన రాకముందే విస్తరి ముందు కాచుకుని కూర్చోరాదు. అంతే. ఈ ఒక్కటీ అర్థమైతే మిగతాది చూస్తూ చూస్తూ వచ్చేస్తుంది.

విస్తరి అన్నాను కాబట్టి ఇంకో మాట. తెలుగులో బంతి అంటే రెండర్థాలు. ఒకటి ఆడుకునే బంతి. రెండోది భోజనాల వరస. బంతి భోజనాలు, మొదటి బంతి, ఆఖరి బంతి. ఒకే వరసలో కూర్చున్నవాళ్ళకు కొందరికి నెయ్యి, కొందరికి ఒట్టి చారు వడ్డిస్తే దాన్ని బంతిలో వలపక్షం అంటారు. మనల్నయితే అసలు ఆ బంతిలోనే కూర్చోనివ్వలేదు. ఫుట్‌బాల్ చరిత్ర చదివితే నాకు ఈ రెండు బంతులూ ఒక్కటిగానే కనబడతాయి. ఆటలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని బయట నిలబెట్టారు అన్నదే అసలు కథ. ఆ కథను మూడు వస్తువులతో చెబుతాను: బంతి, బూటు, నేల.

1. బంతి

సాకర్ అనే పేరు అమెరికా వాళ్ళు పెట్టింది కాదు. 1863లో లండన్‌లో కొన్ని క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకుని రూల్స్ రాసుకున్నాయి. ఆ రూల్స్‌తో ఆడే ఆట అసోసియేషన్ ఫుట్‌బాల్ అయింది. పెద్దింటి విద్యార్థులు అసోసియేషన్ అన్న మాటను ముక్క చేసి సాకర్ అన్నారు. అంటే ఆ పేరు ఇంగ్లండ్ దొరబిడ్డల ముద్దుపేరు.

ఆట కూడా మొదట్లో వాళ్ళదే. ఎఫ్.ఎ. కప్‌ను తొలి సంవత్సరాల్లో గెలిచినవి దొరల జట్లు. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు ఆ ఆనవాయితీని తెంపింది. మిల్లుల ఊరు నుంచి వచ్చిన జట్టు అది. అందులో మగ్గం పనివాళ్ళు, నూలు వడికేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఫైనల్‌లో ఓల్డ్ ఈటోనియన్స్‌ను 2-1తో ఓడించారు. కూలి మానుకుని ఆడాలంటే ఆటకు కూలి ఇవ్వాలి కదా. డబ్బు తీసుకుని ఆడటం నీచమని దొరలు గోల చేశారు. అయినా 1885లో జీతానికి ఆడటాన్ని ఒప్పుకోక తప్పలేదు. తర్వాత ఆట శ్రామికులదైపోయింది.

మన దేశానికి ఈ ఆట సైన్యంతో, మిషనరీలతో వచ్చింది. వచ్చీ రాగానే దానికి ఇక్కడొక అడ్డం తగిలింది. బంతి తోలుతో చేసింది.

1891లో శ్రీనగర్ మిషన్ స్కూల్‌కు టిండేల్ బిస్కో అనే పాదిరి ఒక ఫుట్‌బాల్ తెచ్చాడు. అక్కడి పండిట్ల పిల్లలు అది తోలు అని తెలిసి ముట్టమన్నారు. ఆయన కర్ర చూపించి ఆడించాడు. బంతి ఎగిరి ఒక పిల్లవాడి మొహానికి తగిలింది. వాడికి నొప్పి కంటే మైలపడ్డానన్న ఏడుపే ఎక్కువైంది. మొహం కడుక్కురమ్మని కాలవకు పంపి, మళ్ళీ ఆట మొదలుపెట్టించారు. నవ్వు తెప్పించే సంగతే. కాసేపు నవ్వి ఆలోచించండి. ఆ తోలు ఎవరో ఒలిచారు. ఎవరో నానబెట్టి, ఊనబెట్టి, కోసి, కుట్టారు. బంతి తగిలితేనే మైల అయితే, ఆ బంతిని చేసిన చేతుల సంగతేమిటి? చచ్చిన గొడ్డును మోసి, ఊరికంతటికీ చెప్పులు కుట్టి, డప్పు కట్టి, ఊరి బయట బతికిన మన మాదిగ తాతలకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు.

కలకత్తాలో ఇంకో రకం అడ్డం. అక్కడ ఫుట్‌బాల్‌కు ఆద్యుడని చెప్పే నగేంద్రప్రసాద్ సర్వాధికారి 1880లలో తన వెల్లింగ్టన్ క్లబ్బులో మణి దాస్ అనే కుమ్మరి ఇంటి కుర్రాణ్ణి చేర్చుకుందామంటే, పెద్దకులాల సభ్యులు కుదరదన్నారు. ఆయన క్లబ్బునే ఎత్తేశాడు. శోభాబజార్ క్లబ్ అని కొత్తది పెట్టాడు. 1892లో ట్రేడ్స్ కప్‌లో ఈస్ట్ సర్రే రెజిమెంట్ అనే తెల్లవాళ్ళ జట్టును ఓడించింది ఈ శోభాబజార్ క్లబ్బే. బంతిలో అందరినీ కూర్చోబెట్టిన జట్టు గెలిచింది. 1911లో మోహన్ బగాన్ ఒట్టి కాళ్ళతో ఇంగ్లీషు సైనికుల్ని ఓడించిన కథ అందరూ చెబుతారు. దానికి ఇరవై ఏళ్ళ ముందు జరిగిన ఈ కుమ్మరి కుర్రాడి కథ ఎవరూ చెప్పరు.

ఇప్పుడు పెద్ద మ్యాచ్‌ల బంతిలో తోలు లేదు. 1986 మెక్సికో ప్రపంచ కప్ నుంచి సింథటిక్ వచ్చింది. కుట్టే చేతులు మాత్రం అవే. పాకిస్తాన్‌లో సియాల్‌కోట్, మన దగ్గర జలంధర్, మీరట్. జలంధర్ బస్తీల్లో ఇంటింటా ముక్కలు తెచ్చుకుని, బంతికి ఇంత అని లెక్కగట్టించుకుని కుట్టిన కుటుంబాల్లో దళితులే ఎక్కువ. పిల్లల చేత కూడా బంతులు కుట్టిస్తున్నారని 1990లలో ప్రపంచమంతా గొడవైంది. 1997లో సియాల్‌కోట్ పరిశ్రమ గురించి ఒక ఒప్పందం చేసుకున్నారు. అది జరిగింది అమెరికాలోని అట్లాంటాలో. మీ అమెరికా మిత్రులకు ఇది తప్పకుండా చెప్పండి.

2. బూటు

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో బ్రిటిష్ రెజిమెంట్లు ఆడుతుంటే చుట్టూ ఉన్న బస్తీల పిల్లలు చూసి నేర్చుకున్నారు. ఆ బస్తీల్లో ఎవరుండేవాళ్ళు? వంటవాళ్ళు, గుర్రాలు చూసేవాళ్ళు, బ్యాండు వాయించేవాళ్ళు, పాకీ పని చేసేవాళ్ళు. తెలుగువాళ్ళు, తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు, ముస్లింలు, క్రైస్తవులు. ఇవాళ్టికీ కంటోన్మెంట్ అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడే. అక్కడి జనం ఎవరో ఆ ఒక్క ముక్కతో తెలుస్తుంది.

ఇటు సిటీలో పోలీసు జట్టు ఉండేది. దాన్ని తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు. వృత్తికి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లో పాఠాలు చెప్పాడు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ రోజుల్లో ఈ రాష్ట్రంలో ముస్లింలు ఏం చూశారో మనకు తెలుసు. రెండేళ్ళకే ఎక్కువమంది ముస్లింలు ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశం మీద పడింది. 1950లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు గెలిచింది. కానిస్టేబుల్ జీతం మీద బతికే మనుషుల జట్టు అది.

రహీం సాబ్ పద్ధతి పంతులు పద్ధతే. బంతిని కాళ్ళ దగ్గర అట్టిపెట్టుకుని షోకులు చేయడం కాదు, వచ్చిన బంతిని వెంటనే అవతలివాడికి అందించడం నేర్పాడు. దాని కోసమే డ్రిబ్లింగ్ చేయరాదని నియమం పెట్టి పోటీలు జరిపాడు. బలం లేని కాలితోనే ఆడించాడు. నా దృష్టిలో ఇది ఆటపాఠం మాత్రమే కాదు. బంతిని ఒక్కడి దగ్గరే ఉంచుకోనివ్వని ఆట అది.

అప్పటిదాకా మన దేశం ఒలింపిక్స్‌లో కూడా ఒట్టి కాళ్ళతో ఆడేది. 1948 లండన్‌లో మనవాళ్ళలో ఎక్కువమందికి బూట్లు లేవు. 1952 హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక బూట్లు తప్పనిసరి చేశారు. రూల్ పెట్టడం సులువే. బూట్లు ఎవరు కొనిస్తారు?

ఇక్కడ తులసీదాస్ బలరాం వస్తాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి తమిళ పిల్లవాడు. సెలక్షన్‌కు పోవాలంటే బూట్లు లేవు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను, రెండు రూపాయలకు, చెప్పులు కుట్టే ఆయన ఫుట్‌బాల్ బూట్లుగా మార్చి ఇచ్చాడు. ఆ చెప్పులు కుట్టే ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ తర్వాత రెండు మూడేళ్ళకే, 1956లో, బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు.

ఆ మెల్‌బోర్న్ జట్టుకు కోచ్ రహీం. బలరాంతో పాటు తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అందరూ ఈ ఊరి పిల్లలే. ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించి ఇండియా సెమీఫైనల్‌కు పోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి, రెండు గోల్స్ బలరాంవి. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

ఊళ్ళో పేరుంది కానీ కూడు లేదు. మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు పోయారు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. బెంగాల్‌లోనే ఉండిపోయి 2023లో అక్కడే చనిపోయాడు. 1966లో మహమ్మద్ హబీబ్ పోయాడు. అమెరికా మిత్రులకు హబీబ్ కథ బాగా ఎక్కుతుంది. వాళ్ళ దేశంలో సాకర్‌ను జనానికి పరిచయం చేసిన జట్టు న్యూయార్క్ కాస్మోస్. 1975లో పెలేని తెచ్చుకుంది. ఆ కాస్మోస్ 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడింది. పెలే ఆడుతున్న మ్యాచ్‌లో హబీబ్ గోల్ కొట్టాడు. మ్యాచ్ 2-2. అమెరికాకు సాకర్ నేర్పిన జట్టు మీద గోల్ కొట్టినవాడు హైదరాబాదీ.

అమెరికా సాకర్‌కు కూడా ఇలాంటి మనుషులే పేరు తెచ్చారు. 1950 ప్రపంచ కప్‌లో, బ్రెజిల్‌లో, అమెరికా 1-0తో ఇంగ్లండ్‌ను ఓడించింది. ఆ గోల్ కొట్టిన జో గేట్జెన్స్ హైతీ నుంచి చదువుకోడానికి న్యూయార్క్ వచ్చి, హోటల్లో గిన్నెలు కడిగిన కుర్రాడు. గోల్‌కీపర్ శవాల బండి నడిపేవాడు. ఇంకొకాయన బడిపంతులు. అదే 1950లో ఇక్కడ ఇంకో బడిపంతులు కానిస్టేబుళ్ళతో కప్పులు గెలుస్తున్నాడు. ఇప్పుడు అక్కడ పిల్లల సాకర్ ఎక్కువగా ఫీజులు కట్టే ఆట. కోచింగ్‌కు, డ్రెస్సుకు, ప్రయాణాలకు అమ్మానాన్నలు డాలర్లు పోయాలి. ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో ఉన్న మన తెలుగువాళ్ళకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. గిన్నెలు కడిగే గేట్జెన్స్ ఇవాళ పిల్లవాడై పుడితే ఆ ఫీజు కట్టగలడా?

3. నేల

బంతి చౌకగానే దొరుకుతుంది. బూట్లు ఎవరో ఒకరు కుట్టిస్తారు. నేల మాత్రం ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

1998లో సైబర్ టవర్స్ తెరిచారు. చుట్టూ ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అప్పటికి రాళ్ళూ చెట్లూ ఉన్న పల్లెలు. ఇవాళ అక్కడ ఆడాలంటే వలకట్టిన టర్ఫులు. గంటకు ఇంత అని ఆన్‌లైన్‌లో కట్టి, ఐదుగురు అటూ ఐదుగురు ఇటూ ఆడి, టైమవగానే దిగిపోవాలి. ఆడుకోవడం తప్పనను. ఆఫీసులో నడుములు పడిపోయేలా కూర్చునే పిల్లలు ఉరికితే మంచిదే. కానీ ఆ వల బయట సెక్యూరిటీ గార్డు కొడుకు, హౌస్‌కీపింగ్ చేసే అక్క బిడ్డ నిలబడి చూస్తుంటారు. వాళ్ళకు కంటోన్మెంట్ పిల్లలకు దొరికిన పాటి ఖాళీ జాగా కూడా ఈ ఐటీ కారిడార్లో లేదు.

ఆటల పేరు మీద ఇక్కడ నేల పంచలేదా అంటే, పంచారు. 2003లో అప్పటి ప్రభుత్వం క్రీడా అకాడమీలు, స్టేడియాలు కడతారని ఐఎంజీ భారత అనే కంపెనీకి కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు ఇస్తూ ఒప్పందం చేసుకుంది. 2006లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కోర్టుల్లో పద్దెనిమిదేళ్ళు నలిగి, 2024లో ఆ రద్దే ఖాయమైంది. 2025లో అదే 400 ఎకరాల్లో ఐటీ పార్కుల కోసం బుల్డోజర్లు దిగితే సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. ఆటల కోసమని మొదలైన ఆ కాగితాల మీద ఇన్నేళ్ళలో ఒక్క పిల్లవాడూ బంతి తన్నలేదు.

అదే రోడ్డు మీద స్టేడియం ఉంది. అందరూ గచ్చిబౌలి స్టేడియం అంటారు. కొంచెం తెలిసినవాళ్ళు జీఎంసీ అంటారు. అమెరికా వాళ్ళకు జీఎంసీ అంటే ట్రక్కుల కంపెనీ. వాళ్ళకు పూర్తి పేరు చెప్పండి: గంటి మోహనచంద్ర బాలయోగి. కోనసీమ ఎదుర్లంకలో దళిత కుటుంబంలో పుట్టి, 1998లో లోక్‌సభ స్పీకర్ అయిన తొలి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయాడు. దేశం మొత్తాన్ని కూర్చోండి, లేవండి అనగల కుర్చీలో కూర్చున్న మనిషి పేరు మూడు అక్షరాలైపోయింది.

ఆ స్టేడియమే హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంత మైదానంగా ఉండేది. 2019లో వచ్చిన ఆ క్లబ్ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. తర్వాత డబ్బు కష్టాల్లో పడింది, యజమానులు మారారు. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. రహీం ఊరికి ఇప్పుడు ఆ లీగులో జట్టు లేదు.

కానీ ఆ నేల మీద నేను మర్చిపోలేని సంగతి ఇంకోటుంది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ అక్కడే జరిగింది. బెంగాల్, కేరళ. తొంభై నిమిషాలు అయిపోయినా గోల్ లేదు. అదనపు సమయం నడుస్తుండగా రబి హాన్స్‌దా గోల్ కొట్టి బెంగాల్‌ను గెలిపించాడు. ఆ టోర్నీలో పన్నెండు గోల్స్ అతనివి. సంతాల్ ఆదివాసీ కుర్రాడు. బాలయోగి పేరున్న మైదానంలో, ఊరంతా కొత్త సంవత్సరం పార్టీలకు పోయిన సాయంత్రం, కూలి పనుల కుటుంబం నుంచి వచ్చిన ఆదివాసీ ఆ కప్పు గెలిపించాడు.

మన నిజామాబాద్ బిడ్డ గుగులోత్ సౌమ్య ఉంది. లంబాడా అమ్మాయి. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. ఇండియా జట్టులో ఆడుతోంది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ ఆమే. ఆమె పేరు ఐటీ కారిడార్లో ఎంతమందికి తెలుసు? మెస్సీ జెర్సీ వేసుకోండి, కాదనను. ఆమె పేరు కూడా నేర్చుకోండి.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆఫ్‌సైడ్ చెప్పడం అయిపోయాక మీ అమెరికా మిత్రులకు ఈ ఊరి సంగతులు కూడా చెప్పండి. రహీం పేరు చెప్పండి, బలరాం బూట్ల సంగతి చెప్పండి, బాలయోగి పూర్తి పేరు చెప్పండి. తర్వాత మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో, మీ ఆఫీసు క్యాంపస్‌లో ఒక ప్రశ్న వేయండి. ఆదివారం పొద్దున రెండు గంటలు మన గ్రౌండ్ పక్క బస్తీ పిల్లలకు తెరుద్దామా? ఎవరు ఔనంటారో, ఎవరు చూపు తిప్పుకుంటారో చూడండి. ఈ చరిత్రలో మనం ఎక్కడున్నామో ఆ ఒక్క మీటింగులో తేలిపోతుంది.

వచ్చే భాగంలో హాకీ కర్ర సంగతి.

జై భీమ్.